మూసిన ఇళ్ళలో కాపురమున్న మనిషి

నారాయణగూడలో మెట్రో స్తంభానికి మొన్న కొత్త పోస్టరు వేశారు. విరిగిన కిటికీ, అందులోంచి చూస్తున్న తెల్లటి ముఖం, కింద ఎర్రటి హిందీ అక్షరాలు. రెండేళ్ళ కిందట వచ్చిన దయ్యాల కొంప సినిమాకి రెండో భాగమట. మొదటి భాగం బాగుందన్నవాళ్ళు నాకెవరూ తారసపడలేదు. నేనూ చూశాను. నలభై ఏళ్ళు పత్రికల్లో పనిచేశాను కాబట్టి దాని మీద వచ్చిన సమీక్షలు కూడా చదివాను. నా పక్క సీట్లో కూర్చున్న మనిషి అన్న మాటలు వాటిలో ఒక్కదానిలోనూ లేవు. ఇప్పుడు ఈ పోస్టరు చూస్తే ఆయనే గుర్తొచ్చాడు.

ఆయన పేరు రాయను. రాసినా చిక్కడపల్లిలో ఎవరూ గుర్తుపట్టరు. అందరూ తాళం సార్ అనేవాళ్ళు. ఎప్పుడు చూసినా చేతిలో ఎవరిదో ఒకరి ఇంటి తాళంచెవి ఉండేది. సన్నటి మనిషి, ఇస్త్రీ చొక్కా, కాలికి రబ్బరు చెప్పులు. నడిచేటప్పుడు గోడవారగా నడిచేవాడు, రోడ్డు మధ్యభాగం వేరేవాళ్ళదన్నట్టు.

ఆయన చేసే పని చెప్పాలంటే మన అలవాటు ఒకటి చెప్పాలి. కొన్ని నక్షత్రాల్లో మనిషి పోతే ఆ ఇల్లు మూసేస్తారు. నక్షత్రాన్ని బట్టి రెండు నెలలు, మూడు నెలలు, ధనిష్ఠ అయితే ఆరు నెలలు. ఇంటివాళ్ళు ఎక్కడో అద్దెకి చేరి, గడువు తీరాక సున్నం వేయించి, శాంతి చేయించి, పాలు పొంగించి మళ్ళీ వస్తారు. పల్లెలో అయితే తాళం వేసి వెళ్ళిపోవచ్చు. హైదరాబాదు నడిబొడ్డున ఆరు నెలలు చీకటిగా ఉన్న ఇంటికి దొంగలు నక్షత్రం చూసుకుని రారు. అందుకని ఆ నెలలన్నీ లోపల ఒక మనిషి ఉండాలి. ఆ మనిషి ఈయన. ఆయన కిరాయి ఇచ్చేది లేదు, వాళ్ళు జీతం ఇచ్చేది లేదు. ఒక ఇంటి గడువు తీరేలోగా ఇంకో ఇల్లు దొరికితే నేరుగా అక్కడికి వెళ్ళేవాడు. దొరక్కపోతే కాచిగూడ స్టేషను దగ్గర లాడ్జిలో మంచం తీసుకునేవాడు. ఇరవై ఏళ్ళు అలాగే గడిపాడు.

దోషం తగలదా అని అడిగితే ఆయన జవాబు ఒకటే.

"దోషం ఇంటోళ్ళకు సార్. నేను ఏ ఇంటోణ్ణి?"

మా అమ్మ పోయినప్పుడు ఆయన మా ఇంటికి వచ్చాడు. అమ్మ పోయింది విశాఖ నక్షత్రంలో. పంతులుగారు మూడు నెలలన్నారు. నాకు ఇలాంటివాటి మీద నమ్మకం లేదని మా ఆవిడకి తెలుసు. "మీకు నమ్మకం లేదని అత్తయ్యగారికీ తెలుసు. అయినా ఆవిడకి ఉంది కదా. ఆవిడ కోసం మూద్దాం" అంది. నారాయణగూడలో రెండు గదులు అద్దెకి తీసుకున్నాం. ఆ ఇంటాయన అడ్వాన్సు పుచ్చుకునే ముందు అడిగిన ప్రశ్న, "మీతోని ముసలోళ్ళెవరన్న ఉంటరా?" ఎందుకడిగాడో నాకు అప్పుడు అర్థం కాలేదు.

పుస్తకాలకనీ, ఉత్తరాలకనీ నేను వారానికి రెండుసార్లు చిక్కడపల్లి వెళ్ళేవాణ్ణి. మా అపార్టుమెంటు మెట్లెక్కుతుంటేనే ఆయన గొంతు వినిపించేది. పొద్దున్నే పేపరు పైకి చదివేవాడు. ఒకటో పేజీ నుంచి టులెట్ ప్రకటనల దాకా, శ్రద్ధాంజలి ఫొటోల కింద పేర్లతో సహా. ఎవరికోసం చదువుతున్నారని అడిగితే, "ఇంట్ల మనిషి గొంతు వినపడాలె సార్. లేకుంటే గోడలు పాడైతయి" అన్నాడు. ఆ రోజుల్లో నేనింకా వారానికో వ్యాసం రాస్తున్నాను. దాన్నీ చదివేవాడు. "నిన్న మీది చదివిన. సగం అయ్యేసరికి బల్లి గూడ బయటికి పోయింది."

తాళం తీసే ముందు తలుపు రెండుసార్లు తట్టి, "నేనే" అనేవాడు. లోపల ఎవరూ లేరని తెలిసీ తట్టేవాడు. పోయినవాళ్ళ కుర్చీలో కూర్చునేవాడు కాదు. గోడమీద క్యాలెండరు కాగితం చించేవాడు కాదు. వంటింట్లోకి వెళ్ళకూడదని ఎవరో పంతులు చెప్పాడట, అందుకని టీకి కూడా బయటికే వచ్చేవాడు. చుట్టుపక్కల పిల్లల తల్లులు తాయెత్తు అడిగేవాళ్ళు. "దయ్యాల నడుమ ఉంటవు, నీకు ఏదో తెలిసే ఉంటది" అని.

"ఒక్కటంటే ఒక్క దయ్యం రాలే సార్" అని నాతో అన్నాడొకసారి. "మొదట్ల భయపడుకుంట కూసున్న. తర్వాత ఎదురుచూసుకుంట కూసున్న. వస్తే మాట్లాడేటందుకు ఒకరుంటరు గద."

అలా వెళ్ళిన ఒక మధ్యాహ్నం, హాల్లో గోడవైపు చూపించాడు. నేలకి రెండడుగుల ఎత్తున అరచేయంత జిడ్డుమరక.

"అమ్మ ఈడ కూసునేది గద సార్? తల ఆనిచ్చి. కాళ్ళు ఇటు చాపుకోని."

అవును. బియ్యం ఏరుతూ, రేడియో వింటూ, నేను ఆఫీసు నుంచి వచ్చేదాకా అక్కడే. ఆ ఇంట్లో ఇరవై ఆరేళ్ళు ఉన్నాను. ఆ మరకని ఆ రోజు మొదటిసారి చూశాను. సున్నం వేసేటప్పుడు దాన్ని వదిలేయమని చెప్పమన్నాడు. చెప్పాను. మేస్త్రీ నవ్వాడు కాని వదిలేశాడు.

ఆయనకి ఉన్న భయం ఒక్కటే. అది కూడా ఆ మధ్యాహ్నమే చెప్పాడు. అశోక్ నగర్‌లో ఒకాయన పద్దెనిమిదేళ్ళు ఒకే ఇంట్లో కిరాయికి ఉన్నాడు. ఆస్పత్రిలో పోయాడు. శవాన్ని తీసుకొస్తే ఇంటి ఓనరు గేటు తియ్యలేదు. కిరాయి ఇళ్ళలోకి శవాన్ని రానివ్వకపోవడం మన నగరంలో అందరికీ తెలిసిన సంగతే, టులెట్ బోర్డు మీద రాయరంతే.

"రోడ్డు మీదనే పెట్టిన్రు సార్. కోచింగ్ సెంటర్ల ముంగట. పోరగాళ్ళు బండ్లు తీసుకోవాలె గద, జర జరపండని హారన్ కొడ్తున్నరు. ఆయన భార్య జరుపుతున్నది." చేతిలో తాళంచెవిని అటూ ఇటూ తిప్పాడు. "చావంటే నాకేం పరేషాన్ లేదు. రోడ్డంటేనే. ఒక్క గంట ఎవరిదన్న గడప లోపట ఉంటే చాలు. తలకాడ దీపం పెట్టి, ఒక్క గంట."

మా అద్దె ఇంటాయన ఆ ప్రశ్న ఎందుకడిగాడో నాకు అప్పుడు తెలిసింది.

ఆ తర్వాతి ఏడాదే ఆ సినిమా వచ్చింది. దాని పోస్టరు చూసి ఆయనకి కలిగిన సంబరం ఇంతా అంతా కాదు. నన్ను దారిలో ఆపి మరీ చెప్పాడు. "మూసిన ఇంటి కథనట సార్. మన లైన్ల సినిమా వచ్చుడు ఇదే మొదలు." థియేటరు మొహం చూసి చాలా ఏళ్ళయిందని, నేను కూడా వస్తే బాగుంటుందని అన్నాడు. క్రాస్‌రోడ్స్‌లో మ్యాట్నీకి వెళ్ళాం. కొత్తగా ఉతికిన చొక్కా వేసుకుని, జేబులో రుమాలు పెట్టుకుని, పెళ్ళికి వచ్చినట్టు వచ్చాడు.

హాలు సగం ఖాళీ. వెనక వరసల్లో అశోక్ నగర్ హాస్టళ్ళలో ఉండి ఉద్యోగ పరీక్షలకి చదివే కుర్రాళ్ళు, ఒళ్ళో పుస్తకాల సంచులు. తెర మీద కొండమీది పెద్ద భవనం, దానికి వారసులుగా పట్నం నుంచి వచ్చిన మొగుడూపెళ్ళాలు, లాంతరు పట్టుకున్న ముసలి కాపలాదారు. ఆ ముసలాయన కనబడగానే ఈయన సీటులో ముందుకు జరిగాడు. లాంతరు పట్టుకునే తీరు చూసి, "పట్టుడు రాలే" అని గొణిగాడు కాని కళ్ళు మాత్రం తిప్పలేదు. పావుగంట గడవకముందే ఆ ముసలాయన్ని ఏదో నీడ మెట్ల మీంచి లాగేసుకుపోయింది. లాంతరు దొర్లింది. పెద్ద చప్పుడు. వెనక నుంచి ఒక కుర్రాడు, "అన్నా, పోస్టు ఖాళీ అయింది, అప్లికేషన్ పెట్టు" అన్నాడు. హాలంతా నవ్వు. ఇంకొకడు, "రిజల్టు వచ్చేసరికి మనం గూడ దయ్యాలం అయితం రా" అన్నాడు. నేనూ నవ్వాను. పక్కకి చూస్తే ఆయన నవ్వలేదు.

ఇక తలుపులు కొట్టుకోవడం, అద్దంలో ముఖాలు, అమ్మాయి అరుపులు. చివర్లో ఒక మంత్రగాడు వచ్చి దయ్యాన్ని తరిమేశాడు. దంపతులు కారెక్కి వెళ్ళిపోయారు. లైట్లు వేశారు. కుర్రాళ్ళు పరీక్ష సిలబస్ మాట్లాడుకుంటూ వెళ్ళిపోయారు. ఈయన లేవలేదు. పేర్లు అయిపోయేదాకా, తెర తెల్లబడేదాకా చూస్తూనే ఉన్నాడు.

"పదండి" అన్నాను.

"ముసలాయన ఏడి సార్?"

"ఏ ముసలాయన?"

"కాపలాయన. ఇంక వాళ్ళెవరూ అడగనే లేదు. కారు ఎక్కేటప్పుడన్న అడుగుతరేమో అని చూస్తున్న."

నారాయణగూడలో ఇరానీ హోటల్లో కూర్చున్నాం. చాయ్ చల్లారిపోతోంది. ఆయన అంత నిరాశగా ఉండడం నేనెప్పుడూ చూడలేదు. మామూలుగా ఎవరి గురించీ చెడ్డగా మాట్లాడే మనిషి కాదు. ఆ రోజు ఆ సినిమావాళ్ళని వదల్లేదు.

"అది ఇల్లేనా సార్? అంత పెద్ద ఇంట్ల ఒక్క గోడకు జిడ్డు లేదు. తలుపు కాడ చేయి పెట్టిన గుర్తు లేదు. మేకు కొట్టిన బొక్క లేదు. ఆ ఇంట్ల ఎవ్వరూ బతికినట్టే లేదు. బతకనోళ్ళు చచ్చుడెట్ల, దయ్యం అయ్యుడెట్ల? బూజు మాత్రం గజం గజం కట్టిన్రు. కాపలాయన ఉన్న ఇంట్ల అంత బూజు ఉంటదా? నేను ఉండనిస్తనా?"

"సినిమా కదండీ."

"సినిమానే. నేను భయపడదామనే పోయిన సార్. ఒక్కసారన్న భయమైతదేమో అని. కాలే. అంతా అయినంక ఒక్కదానికే భయమైంది. అంత ఇంట్ల మనిషి పోతే, ఏడి అని అడిగేటోడు లేకపోవుడు." సాసరులో పోసుకున్న చాయ్ తాగకుండా కింద పెట్టాడు. నా వైపు చూడలేదు. టేబుల్ మీద తడిని వేలితో తుడుస్తూ అడిగాడు.

"సార్, ఒక మాట. మీది సొంత ఇల్లు గద. నేను పోతే... ఒక్క గంట."

ఏమడుగుతున్నాడో నాకు తెలుసు. ఆయన అంతకుముందే చెప్పుకున్న మనిషి. నేను అపార్టుమెంటు గురించి ఆలోచించాను, సెక్రటరీ గురించి, మా ఆవిడ గురించి, లిఫ్టు గురించి. "అప్పటి సంగతి అప్పుడు చూద్దాంలెండి. ఇప్పుడే ఏమొచ్చింది మీకు?" అన్నాను.

"అంతే సార్, అంతే" అన్నాడు. చాయ్ తాగేశాడు.

ఇంటికెళ్ళి మా ఆవిడకి చెప్పాను. ఆవిడ గిన్నె తోముతున్నది తోముతున్నట్టే ఆపేసింది. "చూద్దామేంటండీ? సరే అనడానికి ఏం పోయింది? ఈసారి కనబడితే సరే అని చెప్పండి." చెప్తానన్నాను. ఆ తర్వాత రెండుసార్లు కనబడ్డాడు. ఒకసారి కూరగాయల మార్కెట్లో, రద్దీలో చెప్పే మాట కాదని ఊరుకున్నాను. రెండోసారి ఆయనే బస్సు కోసం తొందరగా ఉన్నాడు. "అంతా మంచిదే గద సార్?" అని చెయ్యి ఊపాడు. సినిమా మాట కానీ, ఆ గంట మాట కానీ మళ్ళీ ఎత్తలేదు.

పోయిన చలికాలం ఒక పొద్దున నాకు ఫోను వచ్చింది. రెండు సందుల అవతల ఇనుప సామాను దుకాణం ఉన్నాయన. వాళ్ళ నాన్న పోయి నాలుగు నెలలయింది, ఇల్లు మూసి ఉంది, తాళం సార్ అందులో ఉన్నాడు. "మీరు జర రాండ్రి" అన్నాడు. వెళ్ళాను.

ముందు గదిలో చాప మీద పక్కకి తిరిగి పడుకుని ఉన్నాడు. చదివిన పేపరు మడతపెట్టి తల దగ్గర ఉంది. పక్కింటి డాక్టరు చూసి, ప్రాణం పోయి అప్పటికే రెండు గంటలయిందని చెప్పి వెళ్ళాడట. సున్నాలవాళ్ళు బయట బకెట్లతో నిలబడి ఉన్నారు. ఇంటాయన నన్ను పక్కకి తీసుకెళ్ళాడు. ముఖం వాడిపోయి ఉంది.

"సార్, ఎల్లుండి పాలు పొంగిచ్చే ముహూర్తం. పంతులుకు ఫోన్ చేసిన. ఇయ్యాల ధనిష్ఠ. ఇంట్ల పోయిండంటే మల్ల ఆరు నెలలు. అమ్మ, పిల్లలు, అందరం రెండు రూములల్ల నెట్టుకొస్తున్నం సార్. అమ్మకు మోకాళ్ళు లెవ్వవు, ఆడ బాత్‌రూం కిందున్నది." గొంతు తగ్గించాడు. "అంబులెన్సు పిలుస్త. ఊపిరి ఉండె అని చెప్తం. దవాఖాన గేటు కాడ పోయిండని రాసుకుంటరు."

"ఆ తర్వాత?"

"తర్వాత ఆడనే ఉంచుతరు గద. ఎవ్వరూ లేరు గద ఆయనకు."

ఆయన చెడ్డవాడు కాదు. తల్లి మోకాళ్ళు నిజం, ఆరు నెలలు నిజం. తాళం సారుని ఇరవై ఏళ్ళు భయపెట్టిన రోడ్డు కూడా నిజమే, గుమ్మం బయట నాలుగడుగుల దూరంలో. నేను ఇంటికి ఫోను చేశాను. జరిగింది చెప్పడం మొదలుపెట్టానో లేదో, మా ఆవిడ "తీసుకొచ్చేయండి" అంది.

"సెక్రటరీ ఏమంటాడో..."

"ఆయన సంగతి నేను చూసుకుంటాను."

అద్దె బండిలో ఆయన్ని తీసుకుని మేం వెళ్ళేసరికి సెక్రటరీ అపార్టుమెంటు కింద మా ఆవిడతో నిలబడి ఉన్నాడు. "అక్కా, నేను వద్దంటలే. కింద పార్కింగ్‌ల పెట్టుకోండ్రి, కుర్చీలు గూడ వేపిస్త. పైకెందుకు? సొంతోళ్ళు గూడ కాదు" అంటున్నాడు.

"ఆయన మూడు నెలలున్నది మా ఇంట్లో. పార్కింగులో కాదు" అంది మా ఆవిడ.

లిఫ్టులో పట్టలేదు. రెండంతస్తులు మెట్ల మీంచి మోశాం. తలవైపు బండి డ్రైవరూ నేనూ, కాళ్ళవైపు ఇనుప దుకాణం ఆయనా, సున్నాల మేస్త్రీ. హాల్లో పడుకోబెట్టాం. మా ఆవిడ తల దగ్గర దీపం పెట్టింది. డ్రైవరు బూట్లు విప్పి గుమ్మం దగ్గర కూర్చుని, "ఎవరన్న రావాల్నా సార్?" అని అడిగాడు.

ఆయన ఉండివచ్చిన ఇళ్ళవాళ్ళలో నాకు తెలిసినవాళ్ళకి ఫోన్లు చేశాను. ఏడుగురు. ఏడుగురూ అయ్యో అన్నారు. మంచి మనిషన్నారు. ఆ తర్వాత అందరూ ఒకే మాట అడిగారు, ఏ నక్షత్రం అని. చెప్పాను. ఎవరూ రాలేదు.

ఆ గంటలో నేను చేసిన పని ఏమీ లేదు, కూర్చున్నాను. గంట ఇస్తున్నాను కదా అని మనసు కుదుటపడలేదు. ఆయన ఇరానీ హోటల్లో అడిగింది ఈ గంట కాదు. ఈ గంట దొరుకుతుందన్న మాట. అది వినుంటే, ఆ తర్వాత నిద్రపోయిన రాత్రులన్నీ ఇంకోలా నిద్రపోయేవాడు. ఒక్క "సరే"కి నాకు పది నెలలు తీరిక దొరకలేదు. దీపం వైపు చూస్తూ, "సరేనండీ" అన్నాను. మా ఆవిడ తలెత్తి చూసి, మళ్ళీ దించుకుంది.

శ్మశానంలో గుమస్తా రిజిస్టరు తెరిచాడు. ఇనుప దుకాణం ఆయన నా పక్కనే నిలబడ్డాడు. పేరు చెప్పాను. వయసు అడిగితే డెబ్భై ఉంటుందన్నాను.

"ఎక్కడ పోయిండు? దవాఖానలనా, ఇంట్లనా?"

నా పక్కనున్న మనిషి ఊపిరి బిగబట్టడం నాకు తెలుస్తూనే ఉంది.

"ఇంట్లో" అన్నాను.

"ఎవరింట్ల?"

వార్తలో ఒక ఊరి పేరు తప్పుపడితే మర్నాడు సవరణ వేయించినవాణ్ణి. "మా ఇంట్లో" అన్నాను. డోర్ నంబరు చెప్పాను. గుమస్తా రాసుకున్నాడు. ఇనుప దుకాణం ఆయన ఊపిరి వదిలాడు, నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. ఏదో గుర్తొచ్చినట్టు వెంటనే వదిలేశాడు.

సాయంత్రానికి సంగతి అపార్టుమెంటంతా తెలిసిపోయింది. ధనిష్ఠలో మా ఇంట్లో మనిషి పోయాడు. ఎదురింటి అమ్మాయి రోజూ ట్యూషనుకి మా ఆవిడ దగ్గరకి వచ్చేది, రావడం మానేసింది. పాలవాడు ప్యాకెట్టు మెట్ల మీదే పెట్టి వెళుతున్నాడు. మా ఆవిడ మాత్రం, పలకరించడానికి ఎవరైనా వస్తారేమోనని హాల్లో రెండు కుర్చీలు గోడకి వేసి ఉంచింది.

నాలుగో రోజు పొద్దున ఇనుప దుకాణం ఆయన వచ్చాడు. నిన్న పాలు పొంగించామని, అమ్మ సంతోషంగా ఉందని చెప్పాడు. గడప బయటే నిలబడి చెప్పాడు.

"లోపలికి రండి" అంది మా ఆవిడ.

"పర్వాలేదక్కా, ఈడ బాగనే ఉన్నది." ఆయన కళ్ళు మా ఆవిడ భుజం మీంచి హాల్లోకి వెళ్ళి, వెనక్కి వచ్చాయి. "ఆరు నెలలు గద... మీరు ఎప్పుడు మారుతున్నరు? నారాయణగూడల నాకు తెలిసిన రూములున్నయి."

"మారడం లేదు" అంది మా ఆవిడ. "ఇంట్లో మనిషి పోయాడు. ఎవరైనా పలకరించడానికొస్తే మేం ఉండొద్దూ?"